రెండు కడుపుల బండి

ఏకాదశి ఉపవాసం ఉన్న ఇల్లాలి ఫ్రిజ్‌లో అట్లపిండి ఉండవచ్చునా?

ఉంటే ఏమైందంటారా? ఏమీ కాలేదు. మర్నాడు పిల్లలకు అట్లు పొయ్యాలి గదా! కానీ ఆ పిండి అక్కడ ఉందన్న సంగతి ఉపవాసం ఉన్న మనిషికి తెలుసు. సాయంత్రం నాలుగింటికి నీరసం కమ్ముకొచ్చేసరికి, ఆ తెలియడమే ఒక రకంగా ధైర్యం, ఒక రకంగా శత్రువు. మా అమ్మ దశమి రాత్రికే గిన్నెలన్నీ తోమించి బోర్లించేసేది. మా అక్క ఉపవాసమూ ఉంటుంది, పిండీ రుబ్బి పెట్టుకుంటుంది. ఇద్దరిలో ఎవరి నిష్ఠ గొప్పదంటే చెప్పడం మీరనుకున్నంత తేలిక కాదు. గిన్నెలు బోర్లించినావిడకు తప్పించుకునే దారి లేదు, కాబట్టి పరీక్షా లేదు. పిండి ఎదురుగా పెట్టుకుని ఊరుకున్నావిడ గంటగంటకూ గెలవాలి. ఓడిపోయే వీలు కూడా ఆవిడకే ఉంది మరి.

ఈ ధర్మసందేహం ఈమధ్య నన్ను వంటింట్లో గాక కారు దగ్గర పట్టుకుంది.

మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. 2023లో వాళ్ళు కొత్త కారు కొన్నారు. టొయోటా వాళ్ళ ప్రియస్‌లోనే ప్లగ్గు పెట్టుకునే రకం. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటారట. "దీనికి రెండు కడుపులు చిన్నమ్మా!" అంటూ ఫోన్లో కారు చుట్టూ తిప్పి చూపించింది. ఒక కడుపు బ్యాటరీ. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే తెల్లవారేసరికి నిండి ఉంటుంది. దానిమీద 70 కిలోమీటర్ల దాకా నడుస్తుంది. అది ఖాళీ అవగానే రెండో కడుపులోని పెట్రోలు అందుకుంటుంది. ఆఫీసుకు వెళ్ళి రావడానికి మొదటి కడుపు చాలు. దూరప్రయాణానికి రెండోది. దారిలో ఆగిపోతామన్న బెంగే లేదు.

ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన వింత అనుకోకండి. 1900లోనే ఫెర్డినాండ్ పోర్షె అనే ఆయన, పెట్రోలు ఇంజనుతో కరెంటు పుట్టించి దానితో చక్రాలు తిప్పే బండి తయారుచేశాడు. దానికి 'సెంపర్ వివుస్' అని లాటిన్ పేరు పెట్టాడు. ఎప్పటికీ ప్రాణంతో ఉండేది అని అర్థం. నడిదారిలో బ్యాటరీ చచ్చిపోతుందేమోనన్న భయం ఆనాటిదేనన్న మాట. ఇంకో తమాషా చూడండి. ప్రపంచానికంతటికీ పెట్రోలు కారు అంటగట్టిన హెన్రీ ఫోర్డు గారి భార్య క్లారా ఫోర్డు మాత్రం డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కరెంటు కారులో తిరిగేదట. పెట్రోలు బండి కదలాలంటే ముందు నిలబడి ఇనప కడ్డీ పెట్టి గిరగిరా తిప్పాలి. కరెంటు బండికి ఆ యాతన లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఇంటాయన వ్యాపారం ఇంటాయనది, ఇల్లాలి సుఖం ఇల్లాలిది!

సరే, మళ్ళీ అట్లపిండి దగ్గరికి వద్దాం. రెండు కడుపుల కారు కొన్నవాళ్ళు రోజూ రాత్రి బుద్ధిగా ప్లగ్గు పెడుతున్నారా? 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ ఒక నివేదిక బయటపెట్టింది. 2021లో అక్కడ కొత్తగా రోడ్డెక్కిన లక్షల కార్లలో, ఎంత ఇంధనం కాలిందో కారే లెక్కపెట్టుకునే ఏర్పాటు ఉంది. దాన్నిబట్టి చూస్తే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు వదిలే బొగ్గుపులుసు వాయువు ప్రయోగశాలలో తేల్చిన దానికి సగటున మూడున్నర రెట్లు ఉంది. బండిలో లోపం కాదు. ప్లగ్గు పెడతారని అనుకున్నన్నిసార్లు పెట్టడం లేదు, అంతే. అంతకు ముందు 2018లో బ్రిటన్‌లో కంపెనీ కార్ల లెక్కలు చూసేవాళ్ళకు, కొన్ని కార్లలో ఛార్జింగు తీగ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా కనిపించిందట. పన్ను రాయితీ కోసం కొన్నారు, పెట్రోలు మీదే తిరిగారు. పూజగది కట్టించి దీపం పెట్టని ఇళ్ళు మనకు తెలియనివా?

కొనడం ఒక్క రోజు పని. ప్లగ్గు పెట్టడం రోజూ పని. మనుషులకు మొదటిదే ఇష్టం.

మన దగ్గర ఇలాంటి బండ్లు ఖరీదైన పెద్ద కార్లలోనే వస్తున్నాయి. వనపర్తిలో జీతాలమీద బతికేవాళ్ళు వాటి జోలికి పోలేరు. మేము 2024 దసరాకు కొన్నది అచ్చంగా కరెంటు మీద నడిచే చిన్న హ్యాచ్‌బ్యాకు. అయితే పన్నెండేళ్ళ పాత పెట్రోలు కారును అమ్మలేదు. తులసికోట పక్కన 15 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించుకుని కొత్తదాన్ని అక్కడ నిలుపుతున్నాం. పాతది రేకుల షెడ్డు కింద ఉంటుంది. అంటే ఏమిటన్న మాట? కారుకు రెండు కడుపులు లేకపోతేనేం, మా ఇంటికి ఉన్నాయి. మా ఇల్లే ప్లగ్-ఇన్ హైబ్రిడ్!

నా ఉద్యోగం గద్వాలలో. వనపర్తి నుంచి పెబ్బేరు, అక్కడినుంచి పెద్దరోడ్డు మీద బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల వైపు మళ్ళాలి. రానూ పోనూ 100 కిలోమీటర్లకు కాస్త లోపు. ఒక్క ఛార్జింగుతో పోయి వచ్చి ఇంకా కొంత మిగులుతుంది. చప్పుడు లేని బండిలో బీచుపల్లి వంతెన దాటుతుంటే, అద్దం దించితే గాలి వినిపిస్తుంది. నవలలో ఎక్కడో ఇరుక్కుపోయిన పాత్ర ఆ వంతెన మీదే నోరు విప్పుతుంది. ఇదివరకు పాత కారు రొదలో వాళ్ళేం చెప్పేవాళ్ళో నాకు వినబడేదే కాదు.

మావారి ఉద్యోగం నాగర్‌కర్నూలులో. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ 2016 అక్టోబరు 11న పాలమూరు జిల్లాలోంచి వేరుపడి జిల్లాలయ్యాయి. ఆఫీసులు మూడు చోట్లకూ చెదిరాయి. వాటితోపాటు సంసారాలూ చెదిరాయి. ఆయన ఏళ్ళ తరబడి ఆర్టీసీ బస్సులోనే వెళ్ళి వచ్చేవారు. కిటికీ పక్క సీటు, చేతిలో పేపరు, తెలిసిన కండక్టరు. కొత్త కారు వచ్చిన నెల తిరక్కుండానే బస్సు మానేశారు. షెడ్డులో పాత కారు ఊరికే పడివుంటే పాడైపోతుందన్నారు. మొదట వారానికి ఒకరోజు, తరువాత రెండు రోజులు, సంక్రాంతి వచ్చేసరికి రోజూ!

"ఇదేమిటండీ?" అంటే, "నువ్వు మిగిల్చిన పెట్రోలేగదోయ్ నేను పోసుకుంటున్నది! మొత్తం మీద ఇంటి ఖర్చు పెరగలేదుగా" అన్నారు.

వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. నేను బి.ఏ. చదివినదాన్ని, లెక్కలంటే ఆమడ దూరం. అయినా ఈ మాటతో నాకు పౌరుషం వచ్చి, పాత డైరీ ఒకటి తీసి రెండు కార్ల మీటర్లూ రాయడం మొదలుపెట్టాను.

ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. లీటరు పెట్రోలే ముప్పావు కిలో తూగుతుంది, దానిలోంచి అంతకు మూడింతల బరువు ఎలా వస్తుందని మీకూ అనుమానం రావచ్చు. కాలేటప్పుడు గాలిలోని ప్రాణవాయువు వచ్చి కలుస్తుంది, ఆ బరువు దానిది. పాత కారులో నేను గద్వాల వెళ్ళివస్తే ఆరు లీటర్లు అయ్యేది. అంటే 14 కిలోలు. కొత్త కారుకు అదే దారికి పద్నాలుగు యూనిట్ల కరెంటు చాలుతోంది. అలాగని అది సున్నా కాదు సుమండీ. మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం బొగ్గు కాల్చి తీసిందే. అన్ని రకాలూ కలిపి సగటు చూస్తే యూనిటుకు 700 గ్రాములు పడుతుంది. పద్నాలుగు యూనిట్లకు పది కిలోలు. ఊళ్ళోవాళ్ళు "పొగలేని బండి" అని మెచ్చుకుంటున్న నా ఘనకార్యం రోజుకు నాలుగు కిలోలు! ఇక మావారు నాగర్‌కర్నూలు వెళ్ళి రావడానికి అయిదు లీటర్లు. పదకొండున్నర కిలోలు.

కూడి చూశాను. కొత్త కారు రాకముందు మా ఇంటిది రోజుకు 14, ఆపైన బస్సులో ఒక సీటు. బస్సు ఆయన ఎక్కినా ఎక్కకపోయినా వెళుతుంది కాబట్టి ఆ సీటు వంతు చాలా కొంచెం. కొత్త కారు వచ్చాక ఇరవై ఒకటిన్నర. డబ్బు లెక్కలో ఆయన మాట నిజమే. కరెంటు చవక గనుక ఖర్చు పెరగలేదు. పొగే పెరిగింది.

లెక్క చూపిస్తే ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "నీ పద్దు నీదే, నా పద్దు నాదే. రెండూ కలపడమెందుకు?" అన్నారు. మిగిలిన పెట్రోలు దగ్గర కలిపిందెవరో!

ఇది మా ఇంటి పురాణమే అయితే మీకు చెప్పేదాన్ని కాదు. ఒక మంచిపని చేయగానే దానిమీద మనకు అప్పు పుడుతుందని లోలోపల ఎవరికి వారు అనుకుంటూనే ఉంటారు. పొద్దున నాలుగు మైళ్ళు నడిచినాయన సాయంత్రం మిరపకాయ బజ్జీల బండి దగ్గర ధీమాగా నిలబడతాడు. పండక్కి పనిమనిషికి చీర పెట్టినావిడ, ఆ నెల రెండు నాగాలకు జీతం కోసేటప్పుడు ఆ చీరను తప్పకుండా గుర్తుచేసుకుంటుంది. చీర పెట్టకపోయి ఉంటే కొయ్యడానికి చెయ్యి ఆడేది కాదేమో! అంటే ఆ నెల పనిమనిషికి చీర లాభమా, నష్టమా?

పుణ్యానికి ఖాతా ఉండి, అందులోంచి తీసుకుని పాపం ఖాతాలో జమ కట్టే వీలుంటే ధర్మరాజుకు నరకదర్శనం అయ్యేదే కాదు. జన్మంతా ధర్మం తప్పని మనిషి. అశ్వత్థామ విషయంలో ఒక్క మాట, అదీ సగం పైకీ సగం లోపలికీ అన్నందుకు, స్వర్గం గుమ్మం దాకా వెళ్ళి నరకం చూడవలసి వచ్చింది. అంత పెద్ద నిలవలోంచి ఆ ఒక్క మాటకు సరిపడా తీసివేసుకోవచ్చు గదా అని చిన్నప్పుడు నాకు చాలా కోపంగా ఉండేది. ఇప్పుడు లేదు. తీసివేత కుదిరితే ద్రోణుడు మళ్ళీ బతికి రావాలి. రాడు. మావారు నాగర్‌కర్నూలు దారిలో వదిలిన పదకొండున్నర కిలోలు నేను గద్వాల దారిలో వదలని నాలుగు కిలోలను చూసి వెనక్కి తగ్గవు.

అసలు ఆ నాలుగు కిలోలైనా నావేనా అని కూడా ఒక్కోసారి సందేహం వస్తుంది. నేను దాటే వంతెనకు ఎగువన జూరాల ఉంది. అక్కడి కేంద్రం 234 మెగావాట్లది. దానికి దిగువన ఇంకొకటి, 240 మెగావాట్లది. వరద వచ్చి గేట్లెత్తిన రోజుల్లో కృష్ణ నిండుగా పారుతుంటే, నా బండి ఈ నీళ్ళమీదే నడుస్తోందని మురిసిపోతాను. ఎండాకాలం అదే వంతెన కింద బండలు తేలి ఉంటాయి, నా బండి మాత్రం అప్పుడూ నడుస్తూనే ఉంటుంది. బొగ్గుమీద. ఇంకా కిందికి వెళితే నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం ఉంది. కొండ లోపల 900 మెగావాట్లు. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళను మళ్ళీ పైకి తోడి దాచుకునే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. ఒక రకంగా కొండంత బ్యాటరీ. 2020 ఆగస్టు 20 రాత్రి దానిలో మంటలు లేచి ఇంజనీర్లతో సహా తొమ్మిది మంది చనిపోయారు. ఆ జలాశయం నింపడానికి 1980ల మొదట్లో ఎన్నో ఊళ్ళు ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయిగా విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ కట్టారు. దేవుడి ఇల్లు విప్పి తెచ్చారు. ఊళ్ళలో జనం తమ ఇళ్ళను అలా విప్పుకుని తెచ్చుకోలేకపోయారు.

ఇవన్నీ తలుచుకుని ప్లగ్గు పెట్టడం మానెయ్యమంటారా? మాననండీ. బొగ్గో నీళ్ళో, పద్నాలుగు కంటే పది తక్కువే. అయితే "మీరు చాలా మంచిపని చేస్తున్నారు మేడమ్" అని ఎవరైనా అంటే, ఆ మాట అందుకోవడానికి చెయ్యి చాపబుద్ధి కాదు.

మా అత్తమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, గుండె మనిషి. ఆమెకు ఈ చర్చంతా విడ్డూరం. "ఒగ బండి పెట్రోలు తాగుతది, ఒగ బండి కరెంటు తాగుతది. ఏదో ఒగటి తాగకుంటే బండెట్ల నడుస్తది బిడ్డా? మా కాలంల ఎడ్లు కూడ తౌడు తిన్నయి" అంటుంది. పాత కారు అమ్మేద్దామని నేను పట్టుబట్టిన రోజుల్లో కూడా ఆమె ఏమీ అనలేదు. అది మీకోసమే ఉంచాలంటున్నారు అత్తమ్మా అని చెబితే, "నా పేరు చెప్పుకోని మీరు తిరుగుండ్రి" అని నవ్వింది. ఆ మాటలో ఎత్తిపొడుపు నాకు వెంటనే తెలిసింది, మావారికి తెలియనట్టే ఉంది.

మొన్న వైశాఖంలో ఒక రాత్రి గాలివాన. సాయంత్రం ఆరింటికి పోయిన కరెంటు పదకొండైనా రాలేదు. కొత్త కారు పగలంతా తిరిగి వచ్చి ఇరవై శాతం దగ్గర ఉంది. పదకొండున్నరకు అత్తమ్మ ఛాతీ పట్టుకుని కూర్చుంది. ఊళ్ళో డాక్టరు చూసి మహబూబ్‌నగర్ తీసుకుపొమ్మన్నాడు. పాత కారు తాళం తిప్పగానే అంది. ఆ దారంతా వెనక సీట్లో ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ గంటన్నరలో ఏ కిలోల లెక్కా నాకు గుర్తు రాలేదు, రావలసిన పనీ లేదు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది.

ఆ తరువాత పాత కారు అమ్మే మాట నేనెత్తలేదు. నా నిష్ఠకు ఆమె గుండెను పణంగా పెట్టే హక్కు నాకెక్కడిది? ఉపవాసం నాది, ఆకలి ఇంకొకరిది అయితే దాన్ని వ్రతం అనరు. గిన్నెలు బోర్లించే మా అమ్మ కూడా ఇంట్లో పసివాళ్ళుంటే పాలగిన్నె మాత్రం విడిగా ఉంచేది. కానీ ఆ రాత్రి తేలింది ఒక్కటే, ఆ కారు ఎందుకు ఉండాలో. రోజూ నాగర్‌కర్నూలు ఎందుకు వెళ్ళాలో ఆ రాత్రి తేల్చలేదు. మావారు మాత్రం "చూశావా, ఆ కారే లేకపోతే!" అంటూ మర్నాటి వారం నుంచి మళ్ళీ దాన్లోనే బయలుదేరారు. ఏడాదికి ఒక్క రాత్రి అక్కరకు వచ్చిన దాన్ని మూడువందల పగళ్ళకు సాకుగా పంచుకుంటే, అత్తమ్మ అన్నట్టు ఆమె పేరు చెప్పుకుని తిరగడమే గదా?

గద్వాలలో మా ఆఫీసు నుంచి నాలుగు అడుగులు వేస్తే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. మీలో చాలామంది బీరువాల్లో గద్వాల చీర ఉండే ఉంటుంది. ఆలోచిస్తే అదీ హైబ్రిడే. ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒడలికీ అంచుకూ వేరువేరు నాడెలు. ప్రతి పోగు దగ్గరా నూలూ పట్టూ ఒకదాన్నొకటి అందుకుని మెలికపడాలి. అలా చీర పొడుగునా పడితేనే అంచు నిలుస్తుంది. ఆ చీర కట్టుకున్నావిడను ఎవరూ మోసగత్తె అనరు. పట్టు ఎంతో, నూలు ఎంతో నలుగురికీ కనిపిస్తూనే ఉంటుంది. నేతగాడు కూడా నూలు ఒడలుకు పట్టుచీర ధర చెప్పడు. సగం సగంగా ఉండటంలో నాకు అభ్యంతరం లేదు. ఏ సగం ఎక్కడిదాకానో కనబడకుండా చేస్తేనే నాకు పేచీ.

అందుకని డైరీలో గళ్ళు మార్చాను. ఒకటి కరెంటు, ఒకటి పెట్రోలు. పెట్రోలు గడిలో మళ్ళీ రెండు భాగాలు చేసి, 'అవసరం' అని ఒకదానిమీదా, 'సౌకర్యం' అని ఇంకొకదానిమీదా రాశాను. ఏ రోజుది ఏ గడిలో రాయాలో నడిపినవాళ్ళే తేల్చుకోవాలి, నేను అడగను. డైరీని పాత కారు తాళంతోపాటు అత్తమ్మ మందుల డబ్బా పక్కన మేకుకు తగిలించాను. తాళం తియ్యాలంటే ఆమె మంచం దగ్గరికి వెళ్ళక తప్పదు. మొదటి వారం మావారు అయిదు రోజులూ 'అవసరం' అనే రాశారు. రెండోవారం బుధవారం నుంచి బస్సు ఎక్కారు. పాత కండక్టరు ఆయన్ను చూసి ఒంట్లో బాగాలేదా సార్ ఇన్నాళ్ళూ అని అడిగాడట.

అయితే కారు బొత్తిగా కదలకుండా ఉంటే బ్యాటరీ చచ్చిపోతుందన్నది మాత్రం నిజమే. అక్కరపడిన రాత్రి తాళం తిప్పితే అనకపోతే, దాన్ని ఉంచుకున్నదెందుకు? అందుకని వారానికోసారి పెబ్బేరు సంతకు దానిమీద వెళ్ళివస్తున్నారు. పోయిన వారం సంచి నిండా చిక్కుడుకాయలు, పచ్చిమిరపకాయలు తెచ్చి దించి, డైరీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఈ సంత ప్రయాణం ఏ గడిలో రాయాలోయ్? బ్యాటరీకి అవసరం, కూరగాయలకు సౌకర్యం."

అత్తమ్మ మంచం మీదినుంచి, "నడిమిట్ల గీత మీద రాయిరా" అంది.